మనిషి దేనికోసం పనిచేస్తాడు?

(మన సంఘం సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కోలాటాలకూ పాటలకూ నడుమ ఈ విషయం ఏమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. పని గురించి ఆఫీసుల్లో, ఫ్యాక్టరీల్లో మాట్లాడుకోవాలిగాని పండుగ పందిట్లో ఎందుకని అడగవచ్చు. మా సమాధానం ఒక్కటే. మనలో అత్యధికులు ఈ మలేసియా గడ్డమీద ఉండడానికి కారణం పని. మన తాతముత్తాతలను ఓడ ఎక్కించింది పని. రబ్బరు తోటల్లో, కొబ్బరి తోటల్లో తరాల తరబడి నిలబెట్టింది పని. అయితే వాళ్లు ఏ భావంతో పనిచేశారు, వాళ్లచేత ఏ భావంతో పని చేయించారు అన్న ప్రశ్న మన ఇళ్లలో చాలా అరుదుగా వస్తుంది. వచ్చినా, "పాపం, పొట్టకూటి కోసం" అన్న ఒక్క మాటతో ముగిసిపోతుంది. ఆ ఒక్క మాట సరిపోతుందా అన్నదే ఈనాటి మా ప్రసంగ విషయం.

మన భాషలో పని చేసినవాడు కూలివాడు, అతని చేతికి వచ్చేది కూలి. తోటల దస్త్రాల్లో ఈ తేడా పోయింది. మనిషినే 'కూలీ' అని రాసుకున్నారు. ఒక మనిషికి అతనికిచ్చే డబ్బు పేరే పెట్టడమంటే, ఆ డబ్బు తప్ప అతనికి ఇంకేమీ అక్కరలేదని ముందుగానే తీర్పు చెప్పినట్లు. చదువుకున్నవారు దీన్ని సిద్ధాంతం అంటారు. తోట దొరకు పుస్తకాలతో పనిలేకపోవచ్చు. కాని మనిషి ఎందుకు పనిచేస్తాడన్న విషయంలో అతనికీ ఒక సిద్ధాంతం ఉంది, దాని ప్రకారమే తోట నడిచింది.

ఆ కాలంలోనే అమెరికాలో ఫ్రెడరిక్ టేలర్ అనే ఇంజినీరు ఇదే భావాన్ని శాస్త్రంగా మలిచాడు. 1911లో వెలువడిన ఆయన గ్రంథంలో ఒక ఉదాహరణ ప్రసిద్ధం. బెత్లెహెమ్ ఉక్కు కర్మాగారంలో ఇనుప దిమ్మెలు మోసే ఒక కార్మికుడిని ఎంచుకుని, ఎప్పుడు ఎత్తాలి, ఎప్పుడు కూర్చోవాలి అని పక్కన నిలబడి చెప్పించాడు. రోజుకు పన్నెండున్నర టన్నులు మోసే మనిషి నలభై ఏడున్నర టన్నులు మోశాడట. అతని రోజు కూలి 1.15 డాలర్ల నుంచి 1.85 డాలర్లకు పెరిగింది. పని దాదాపు నాలుగు రెట్లు, కూలి ఒకటిన్నర రెట్లకు కొంచెం పైన. అటువంటి పనికి తగినవాడు ఎద్దులాంటి మనిషి అని టేలర్ రాయడం కూడా మనం గుర్తుంచుకోవాలి. అయినా ఆయనను పూర్తిగా తీసివేయలేము. పనిని పరిశీలించి, పనిముట్టును సరిచేసి, శ్రమను తగ్గించే మార్గాలు చూపినవాడు ఆయన. ఎక్కువ పనికి ఎక్కువ కూలి ఇవ్వాలని గట్టిగా చెప్పినవాడూ ఆయనే. లోపమెక్కడంటే, ఆలోచించడం యజమాని వంతు, మోయడం కార్మికుడి వంతు అని మనిషిని రెండుగా విడదీశాడు.

ఇక మన తోటల సంగతి. మొదట్లో ఒప్పంద కూలీ పద్ధతి ఉండేది. దాని కింద పనికి రాకపోవడం నేరం. మలయాలో ఆ పద్ధతి 1910లో రద్దయింది. దానితోపాటు పెరిగి, దాని తరువాత ప్రధానమైనది కంగాణి పద్ధతి. కంగాణి తన ఊరికి వెళ్లి మనుషులను తెచ్చేవాడు, తోటలో వాళ్లపై మేస్త్రీగా ఉండేవాడు. తన కిందివారిలో ఆ రోజు ఎంతమంది పనిలోకి దిగితే తలకు ఇంత అని అతనికి ముట్టేది. ఇందులో కిటుకు గమనించండి. మనిషికి జ్వరమా, అతని ఇంట్లో చావా అన్నదానితో ఆ లెక్కకు పనిలేదు. తల కనబడితే డబ్బు, లేకపోతే లేదు. కంగాణులందరూ దుర్మార్గులని మేము అనడం లేదు. పెళ్లికీ చావుకూ ముందు నిలిచినవారూ వారిలో ఉన్నారు. కాని ఏర్పాటు ఎలా ఉంటే, దానిలో పడిన మంచివాడు కూడా అటే నెట్టబడతాడు.

1960లో డగ్లస్ మెక్‌గ్రెగర్ అనే ఆచార్యుడు ఇటువంటి భావనకు 'ఎక్స్ సిద్ధాంతం' అని పేరు పెట్టాడు. మనిషికి సహజంగా పని అంటే గిట్టదు, బాధ్యత అంటే భయం, కనుక బెదిరించో ఆశపెట్టో నడిపించాలి అన్నది దాని సారాంశం. దానికి ఎదురుగా 'వై సిద్ధాంతం' ఉంచాడు. ఆటా విశ్రాంతీ ఎంత సహజమో పనీ అంత సహజమే, తనదనుకున్న లక్ష్యం కోసం మనిషి తనను తానే నడుపుకుంటాడు, బాధ్యతను కోరి తీసుకుంటాడు అన్నది దాని సారాంశం. మెక్‌గ్రెగర్ చెప్పిన అసలు కీలకం మరొకటి ఉంది. మనుషులు సోమరులని నమ్మి ఏర్పాటు చేస్తే, ఆ ఏర్పాటులో వాళ్లు సోమరుల్లాగానే ప్రవర్తిస్తారు. అప్పుడు యజమాని, "చూశారా, నేను చెప్పలేదా" అంటాడు.

మరి మన పెద్దలు ఎక్స్ సిద్ధాంతపు మనుషులేనా? రబ్బరు పాలు గీసే పనినే చూడండి. చల్లదనంలో పాలు బాగా కారతాయి కనుక తెల్లవారకముందే మొదలుపెట్టాలి. ఒక్కొక్కరి వంతుకు మూడు నాలుగు వందల చెట్లు, కొన్నిచోట్ల అంతకు మించి. ప్రతి చెట్టుకూ పలుచని బెరడు పొర ఒకటి తీయాలి. కత్తి పైపైన పోతే పాలు రావు, లోతుకు దిగితే చెట్టుకు గాయమై ఆ చోట బెరడు మళ్లీ సరిగా పెరగదు. ఆ చీకట్లో ప్రతి చెట్టు దగ్గరా దొర నిలబడడు, కంగాణి నిలబడడు. తనిఖీలు ఉండేవి, కోతలు ఉండేవి, నిజమే. కాని వందల చెట్ల మీద ప్రతిరోజూ అంత సన్నని గీత తప్పకుండా గీయించే భయం లోకంలో లేదు. అది చేతి నేర్పు మీద మనిషికుండే అభిమానం. మన అవ్వలు చాలామంది ఆ పని చేశారు. తోట లెక్కల పుస్తకంలో పాల బరువుకు ఒక వరుస ఉంది. ఆ నేర్పుకు వరుస లేదు.

ఇంకో సంగతి ఏమిటంటే మనిషి ఒంటరిగా పనిచేయడు. చికాగో దగ్గర సిసిరోలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీవారి హాథార్న్ కర్మాగారంలో 1924 నుంచి 1932 వరకు పరిశోధనలు జరిగాయి. దీపాల వెలుగు పెంచితే పని పెరుగుతుందా అని మొదలుపెట్టారు. వెలుగు పెంచినచోటా, పెంచనిచోటా పని పెరగడం చూసి తికమకపడ్డారు. తరువాత కొద్దిమంది స్త్రీలను వేరే గదిలో ఉంచి, విరామాలు ఇచ్చి, పని గంటలు మార్చి చూశారు. పని పెరుగుతూ వచ్చింది. తమను మనుషులుగా పట్టించుకోవడమే దీనికి కారణమని ఎల్టన్ మేయో మొదలైనవారు ప్రచారం చేశారు. అదే సమయంలో కూలి లెక్క కూడా మారింది, ఇద్దరిని తీసివేసి వేరేవారిని పెట్టారు, కనుక అంత తేలికగా తీర్మానించరాదని తరువాతి పండితులు ఆక్షేపించారు. ఆ ఆక్షేపణ న్యాయమైనదే.

కాని అదే కర్మాగారంలో 1931-32లో జరిగిన మరో పరిశీలన మనకు ఇంకా దగ్గరగా ఉంటుంది. తీగలు బిగించే పద్నాలుగుమంది మగవాళ్ల గదిలో ఒక పరిశీలకుడు ఊరకే కూర్చుని చూశాడు. అక్కడ ఎక్కువ పనికి ఎక్కువ డబ్బు. అయినా వాళ్లు తమలో తాము ఒక హద్దు పెట్టుకుని, అంతకు మించి చేసేవారు కారు. మించి చేసినవాడి జబ్బమీద పిడికిలితో ఒకటి వేసేవారు, మరీ తక్కువ చేసినవాడికీ చీవాట్లే. ఇవాళ ఎక్కువ చేసి చూపితే రేపు రేటు తగ్గిస్తారు, లేదా ఉద్యోగాలు తీసేస్తారు అన్న భయం వాళ్లది. దీన్ని సోమరితనం అనడం తేలిక. తోట లైన్లలో పెరిగిన మన పెద్దలెవరైనా ఈ కథ వింటే నవ్వుకుని, "అది తెలివి" అంటారు.

ఇప్పుడు ఈ దేశంలోనే జరిగిన ఒక సంఘటనకు వద్దాము. 1941లో సెలాంగూర్‌లోని క్లాంగ్ ప్రాంతపు తోటల్లో పెద్ద సమ్మెలు జరిగాయి. క్లాంగ్ జిల్లా ఇండియన్ యూనియన్ నాయకుడు ఆర్.హెచ్. నాథన్. మే నెలలో ఆయనను నిర్బంధించారు, తరువాత భారతదేశానికి పంపివేశారు. సైన్యాన్ని దింపారు. కాల్పుల్లో కొందరు కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. సమ్మె చేసినవారిలో అత్యధికులు మన తమిళ సోదరులు. కాని వాళ్ల కోరికలు తోటలో బతికిన ప్రతి ఇంటి కోరికలు. ఆ పట్టికను ఒకసారి వినండి.

చీనీ కార్మికులతో సమానంగా కూలి కావాలన్నారు. రోజుకు పది పన్నెండు గంటల పని వద్దన్నారు. సరైన వైద్యం కావాలన్నారు. పిల్లలకు చదువు కావాలన్నారు. తోటల్లో కల్లు దుకాణాలు మూసివేయమన్నారు. తమ ఆడవాళ్ల జోలికి దొరలుగాని వారి కింది ఉద్యోగులుగాని రాకూడదన్నారు. బంధువులు, స్నేహితులు తోటలోకి వచ్చిపోనివ్వాలన్నారు. సంఘం పెట్టుకునే హక్కు కావాలన్నారు. వీటన్నిటితోపాటు ఇంకొకటి అడిగారు. దొరగాని కిరాణిగాని ఎదురైనప్పుడు సైకిలు దిగి నిలబడవలసిన పని ఉండకూడదన్నారు.

సైకిలు దిగకపోతే ఒక్క సెంటు కూలి పెరగదు. అయినా ఆ కోరిక పట్టికలో ఉంది. మనిషికి డబ్బు తప్ప ఇంకేమీ అక్కరలేదన్న సిద్ధాంతానికి అంతకంటే సూటి జవాబు మేమెక్కడా చదవలేదు.

దీనికి రెండేళ్ల తరువాత, 1943లో, అబ్రహాం మాస్లో అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు అమెరికాలో ఒక వ్యాసం ప్రచురించాడు. ఆకలి దప్పులు, భద్రత, ఆప్యాయత, గౌరవం, చివరకు తనలోని శక్తిని సార్థకం చేసుకోవడం అని మనిషి అవసరాలను వరుసగా చెప్పాడు. ఈనాడు పాఠ్యపుస్తకాల్లో కనిపించే పిరమిడు బొమ్మ ఆయన గీసింది కాదు, తరువాతివారు గీసింది. క్లాంగ్ పట్టికను మాస్లో పట్టిక పక్కన పెట్టి చూడండి. కూలి, వైద్యం, ఆడవాళ్ల రక్షణ, బంధువుల రాకపోకలు, సైకిలు మీద ఉండే గౌరవం, పిల్లల చదువు అన్నీ తమ తమ చోట్ల కూర్చుంటాయి. ఒక్క తేడా ఉంది. కింది మెట్టు చాలావరకు నిండితేగాని పైమెట్టు బలంగా పైకి రాదని సాధారణంగా చెబుతారు. క్లాంగ్ కార్మికులు అన్నిటినీ ఒకేసారి అడిగారు. కడుపు నిండేదాకా గౌరవం ఆగుతుందనుకోవడం నిండిన కడుపువాళ్ల ఊహ. అరకొర కూలిలోనుంచి ఇంత అని తీసి తోటలో రామమందిరం కట్టుకున్న మన పెద్దలూ ఆ వరుస పాటించలేదు.

1959లో ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్, ఆయన సహచరులు పిట్స్‌బర్గ్ ప్రాంతంలో సుమారు 200 మంది ఇంజినీర్లను, అకౌంటెంట్లను ప్రశ్నించి ఒక గ్రంథం వెలువరించారు. మనిషికి పనిమీద విసుగు పుట్టించే కారణాలు వేరు, ఉత్సాహం పుట్టించే కారణాలు వేరు అన్నారు. జీతం, పైవాడి ప్రవర్తన, పనిచేసే చోటు బాగులేకపోతే అసంతృప్తి. అవి బాగుపడితే అసంతృప్తి పోతుంది, అంతమాత్రాన ఉత్సాహం రాదు. ఏదైనా సాధించడం, దానికి గుర్తింపు, పనిలో బాధ్యత, ఎదుగుదల ఉంటే ఉత్సాహం వస్తుంది. దీన్ని పట్టుకుని జీతం ముఖ్యం కాదని వాదించే యజమానులున్నారు. హెర్జ్‌బర్గ్ అలా అనలేదు. ఇల్లు కురుస్తుంటే ముందు కప్పు వేయించాలి. కప్పు వేసినంత మాత్రాన ఇంట్లో పండుగ కాదు. ఆయన చెప్పింది అంతే.

ఈ పేర్లన్నీ అమెరికావే, మన తెలుగువాళ్లకు ఇందులో ఏమి సంబంధం అంటారేమో. ఉంది. మన పెద్దలు విడిచి వచ్చిన తూర్పు తీరంలోనే కాకినాడ ఉంది. ఈ శాస్త్రంలో కాకినాడ పేరు చెప్పకుండా కదలని అధ్యాయం ఒకటి ఉంది. హార్వర్డ్ ఆచార్యుడు డేవిడ్ మెక్లీలండ్, ఏదైనా మెరుగ్గా చేసి చూపాలన్న తపనను సాధనాకాంక్షగా గుర్తించి, దాన్ని కొలవడానికి పూనుకున్నాడు. అది పుట్టుకతో రావలసిందేనా, పెద్దవాళ్లలో కూడా పెంచవచ్చునా అని పరీక్షించడానికి 1964-65లలో కాకినాడ చిన్న వ్యాపారులు సుమారు యాభైమందిని బృందాలుగా హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు రప్పించారు. ఆ సంస్థ ఈనాడు కూడా వేరే పేరుతో నడుస్తోంది.

అక్కడ వాళ్లకు ఉపన్యాసాల కంటే ఎక్కువగా ఆటలు, అభ్యాసాలు. బొమ్మ చూసి కథ రాయడం, ఆ కథలో తన ఆలోచన ఎటు పోతున్నదో తానే చూసుకోవడం, తన వ్యాపారానికి తానే లక్ష్యం పెట్టుకోవడం వంటివి. ఈ పరిశోధనల్లో పేరొందిన ఆట ఒకటి మన తిరునాళ్లలో ఆడేదే. దూరంగా ఉన్న కొయ్యకు రింగులు విసరాలి, ఎంత దూరాన నిలబడతామో మన ఇష్టం. కొందరు కొయ్యకు ఆనుకుని విసురుతారు. కొందరు మరీ దూరం పోయి అదృష్టం మీద వదిలేస్తారు. సాధనాకాంక్ష ఉన్నవాడు కష్టపడితే పడుతుంది, లేకపోతే పడదు అన్నంత దూరంలో నిలబడతాడు.

తరువాత పరిశీలిస్తే, శిక్షణ పొందినవారు పొందనివారికంటే ఎక్కువగా కొత్త వ్యాపారాలు పెట్టారు, పెట్టుబడులు పెట్టారు, ఎక్కువమందికి పని ఇచ్చారు. మెక్లీలండ్, డేవిడ్ వింటర్ కలిసి 1969లో ఈ సంగతులు గ్రంథంగా ప్రచురించారు. అందులో రెండు విషయాలు మనం మనసున పెట్టుకోదగినవి. బొట్టు పెట్టుకున్నవాడా, పంచె కట్టినవాడా అన్నదానికీ, ఉత్సాహానికీ సంబంధం కనబడలేదు. సంప్రదాయం మనిషిని వెనక్కు లాగుతుందన్న మాట అక్కడ నిలవలేదు. రెండవది, వ్యాపారంలో నిర్ణయం తన చేతిలో ఉన్నవాడు ఎక్కువ మారాడు. నిర్ణయం చేతిలో లేనివాడికి తపన ఒక్కటే నేర్పితే ప్రయోజనం తక్కువ.

ఈ చివరి మాట మన చరిత్రకు తాళంచెవి వంటిది. తోటలో మన పెద్దలకు నిర్ణయం చేతిలో లేదు. పని దిగాక, రాత్రిపూట, ఆదివారంనాడు మాత్రం కొంత ఉండేది. ఆ కొంచెం వేళలో వాళ్లు భజన బృందాలు నడిపారు, గుడులు కట్టారు, కొన్ని తోటల్లో తెలుగు బడి నిలబెట్టారు. 1955లో మలయా ఆంధ్ర సంఘం పుట్టింది. 1981లో రెండవ ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూర్‌లో జరిగాయి. పగలు కూలీ అని రాయించుకున్న మనిషే రాత్రి అధ్యక్షుడు, కోశాధికారి, హార్మోనిస్టు. మనిషి మారలేదు, ఏర్పాటు మారింది. కాబట్టి పిల్లలు అడిగినప్పుడు, "పొట్టకూటి కోసం వచ్చారు" అని చెప్పండి, అది సత్యం. అక్కడే ఆపవద్దు. కూటి కోసం వచ్చినవాళ్లు కూటితో ఆగలేదని కూడా చెప్పండి.

ఇక ఈనాటి మాట. ఇప్పుడు మనలో సూపర్‌వైజర్లున్నారు, మేనేజర్లున్నారు, దుకాణదారులున్నారు. మన చేతికింద పనిచేసేవారున్నారు. పాత తోటల్లో అనేకం తాటినూనె తోటలుగా, ఇళ్ల స్థలాలుగా మారాయి. తోటల్లో మన పెద్దల స్థానంలో ఈనాడు ఇండోనేషియా, బంగ్లాదేశ్, నేపాల్ వంటి దేశాల నుంచి వచ్చినవారు పనిచేస్తున్నారు. వాళ్లను గురించి మనవాళ్ల నోట, "వాళ్లు అంతే, వెనక నిలబడకపోతే పని చేయరు" అన్న మాట వినబడుతూ ఉంటుంది. ఆ మాట ఎక్కడిది? దొర బంగళా వరండాలోది. మన తాతల గురించి చెప్పిన మాటే మరో దేశపు బిడ్డకు మనం అప్పజెబుతున్నాము. మన ఇంట్లో పనిచేసే అమ్మాయి తన ఇంటికి ఫోన్ చేసుకోవచ్చునా, జ్వరం వస్తే పడుకోవచ్చునా, ఆమె పాస్‌పోర్టు ఆమె దగ్గరే ఉందా? ఇవి క్లాంగ్ పట్టికలోని కోరికల వంటివే. మన పెద్దలకు న్యాయం జరగలేదని పండుగనాడు చెప్పుకునేవారు మరునాడు ఇంట్లో ఈ ప్రశ్నలు వేసుకోక తప్పదు.

మన పిల్లల విషయంలో కూడా ఒక మాట. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు ఒక శిశు పాఠశాలలో బొమ్మలు వేయడమంటే ఇష్టమున్న పిల్లలను తీసుకుని, కొందరికి బొమ్మ వేస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. కొన్నాళ్ల తరువాత ఎవరూ అడగకుండా చూస్తే, ఆ పిల్లలు బొమ్మలమీద గడిపే సమయం మిగతావాళ్లు గడిపే సమయంలో సుమారు సగమే అయింది. చెప్పకుండా బహుమతి ఇచ్చినవాళ్లలో ఆ నష్టం కనబడలేదు. మన తెలుగు తరగతుల్లో పద్యానికి ఇంత, పాటకు ఇంత అని కప్పులు, సర్టిఫికెట్లు ముందే చూపుతున్నాము. బహుమతి అసలే వద్దని మేము అనడం లేదు. మెచ్చుకోలు ఎవరికైనా కావాలి. కాని కప్పు కోసం తెలుగు నేర్చినవాడు కప్పు రాగానే తెలుగు వదిలేస్తాడు. అవ్వతో మాట్లాడడానికి నేర్చినవాడు వదలడు.

యువకులు సంఘానికి రావడం లేదని పెద్దలు బాధపడుతున్నారు. వచ్చిన యువకుడికి మనం ఏమి ఇస్తున్నాము? కుర్చీలు సర్దడం, భోజనాల దగ్గర వడ్డించడం. అవి గౌరవమైన పనులే. కాని ఏ కార్యక్రమం పెట్టాలి, డబ్బు ఎలా ఖర్చు చేయాలి అన్న నిర్ణయం వచ్చేసరికి, "నువ్వు చిన్నవాడివి, మేము చూసుకుంటాము" అంటున్నాము. కాకినాడ పాఠం ఇక్కడ కూడా వర్తిస్తుంది. నిర్ణయం చేతికి ఇవ్వకుండా ఉత్సాహం లేదనడం న్యాయం కాదు. వచ్చే ఉత్సవంలో ఒక పూట కార్యక్రమం, దాని ఖర్చుతో సహా, వాళ్లకే అప్పగించమని పెద్దలను మనవి చేస్తున్నాము. కొంత తప్పుతారు, తప్పనివ్వండి. రింగులాటలో అన్ని రింగులూ పడితే, మరీ దగ్గర నిలబడ్డామని అర్థం.

మనిషి కూలి కోసం పనిచేస్తాడు, అది న్యాయంగా ఇవ్వవలసిందే. తోటివారి కోసం, నేర్పు కోసం, మాట దక్కించుకోవడం కోసం, సైకిలు దిగకుండా పోగలిగే గౌరవం కోసం కూడా పనిచేస్తాడు. ఇదంతా మన పెద్దలు పుస్తకాలకు ముందే బతికి చూపారు. మన చేతికింద ఉన్నవారికి దాన్ని కాదనకుండా ఉంటే, వాళ్ల పేరు నిలబెట్టినవాళ్లమవుతాము.